పడి లేచిన జట్టు

ఆటలలో ఓటమి వింత కాదు. ఎంత గొప్ప జట్టైనను ఎప్పుడో ఒకప్పుడు ఓడక తప్పదు. ఓడిన పిమ్మట కొందరు అదృష్టమును నిందింతురు. కొందరు రెఫరీని నిందింతురు. వివేకవంతులు మాత్రము తమ లోపమేమియో వెదకి, దానిని వరుసగా దిద్దుకొందురు. అట్లు దిద్దుకొని, రెండేండ్లలో అట్టడుగు నుండి విజేత పీఠమునకు ఎక్కిన జట్టొకటి మన హైదరాబాదు నగరమున ఉండెను. అదియే హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు.

హైదరాబాదునకు పడమటి దిక్కున హైటెక్ సిటీ కలదు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతము కంప్యూటరు పరిశ్రమకు నెలవై, సైబరాబాదు అను పేర ప్రసిద్ధి కెక్కెను. దానికి చేరువనే గచ్చిబౌలిలో బాలయోగి క్రీడాప్రాంగణము ఉన్నది. 2019లో ఏర్పడిన ఈ జట్టు ఆ ప్రాంగణమునే తన సొంత మైదానముగా చేసికొని, ఇండియన్ సూపర్ లీగ్ పోటీలలో ప్రవేశించెను.

ఫుట్‌బాల్ ఈ నగరమునకు క్రొత్త విద్య కాదు. పూర్వము సయ్యద్ అబ్దుల్ రహీం అను ఉపాధ్యాయుడు ఇచ్చట శిక్షకుడుగా ఉండెను. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలిచెను. భారత జట్టునకును ఆయన శిక్షణ నిచ్చెను. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టు తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2 గోల్స్‌తో ఓడిపోయెను. పైగా రక్షణ పంక్తిలో ఆడు జర్నైల్ సింగు తలకు గాయమయ్యెను. రహీం అతనిని ముందు పంక్తికి మార్చెను. తుది పోటీలో భారత జట్టు అదే దక్షిణ కొరియాను 2–1 గోల్స్‌తో ఓడించి స్వర్ణపతకము గైకొనెను. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగు చేసినదే. ఉన్న బలమును ఎచ్చట నిలుపవలెనో ఎరుగుటయే శిక్షకుని ప్రజ్ఞ.

ఇట్టి నగరము పేరు పెట్టుకొనిన క్రొత్త జట్టు తొలి ఏట ఎంతమాత్రము రాణింపలేదు. 2019 అక్టోబరు 25న కలకత్తాలో ఆడిన మొదటి పోటీలోనే 0–5 గోల్స్‌తో ఓడెను. నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ జట్టును 2–1తో గెలిచినప్పుడు ప్రేక్షకులు ఎంతో సంతసించిరి. కాని ఆ సంతోషము నిలువలేదు. ఆపై పదునాలుగు పోటీలలో ఒక్క గెలుపైనను లభింపలేదు. నడుమ శిక్షకుడు మారెను, ఫలితము మారలేదు. కడపటి పోటీలో మాత్రము మరియొక విజయము దక్కెను. మొత్తము 18 పోటీలలో గెలుపులు రెండు, సమపోటీలు నాలుగు, ఓటములు పండ్రెండు. పది జట్లలో పదవ స్థానము!

ఇచ్చట ఒక నియమమును తెలిసికొనవలెను. ఇంగ్లండు మొదలగు దేశములలో ఫుట్‌బాల్ జట్లను శ్రేణులుగా విభజింతురు. ఏటేట పై శ్రేణిలో చివర నిలిచిన జట్లను క్రింది శ్రేణికి దింపి, క్రింది శ్రేణిలో గెలిచినవారిని పైకి తెత్తురు. ఇంగ్లండు ప్రథమ శ్రేణిలో 20 జట్లుండగా, చివరి మూడింటికి ఈ గతి పట్టును. క్రిందికి జారిన జట్టునకు రాబడి తగ్గును. మంచి ఆటగాండ్రు విడిచి పోవుదురు. ఆనాటి ఇండియన్ సూపర్ లీగులో ఈ నియమము లేదు. ఉండినచో హైదరాబాదు జట్టు మొదటి ఏడే క్రిందికి జారియుండెడిది. అయినను గండము తప్పినంతమాత్రమున రోగము కుదిరినట్లు కాదు. చికిత్స చేయవలసియే ఉండెను.

2020 ఆగస్టులో స్పెయిన్ దేశీయుడగు మనోలో మార్క్వెజ్ శిక్షకుడుగా వచ్చెను. జట్టు రోగము లెక్కలలోనే కనబడుచుండెను. తొలి ఏట ఆ జట్టు చేసిన గోల్స్ 21. ఎదుటివారికి ఇచ్చినవి 39. అనగా పోటీకి రెండింటికి పైగా! అడుగున చిల్లి యున్న కుండలో ఎంత నీరు పోసినను నిలువదు. కావున మొదట రక్షణ పంక్తిని చక్కబరచుట అవసరమయ్యెను.

రక్షణ పంక్తిలో నలుగురుందురు. నడుమనున్న ఇద్దరు గోలునకు ఎదురుగా కోటగోడవలె నిలుతురు. రెండు అంచులనున్నవారి పని మిక్కిలి కష్టమైనది. తమ జట్టు బంతిని ముందునకు కొనిపోవునప్పుడు వారును పరుగెత్తి దాడికి తోడుపడవలెను. బంతి చేజారిన తక్షణమే వెనుకకు మరలి కాపుకాయవలెను. ఈ పనికి అలుపెరుగని కాళ్లు కావలెను. అందుచే కుడి అంచున ఆశిష్ రాయ్, ఎడమ అంచున ఆకాశ్ మిశ్రా అను యువకులకు అవకాశ మీయబడెను. ఇరువురును ఇంచుమించు ఇరువది యేండ్లవారే. నడుమ చింగ్లెన్‌సానా సింగు నిలిచెను. వారికి ముందు బ్రెజిలు దేశస్థుడగు జువాఁవ్ విక్టర్ మధ్య పంక్తిలో ఆడుచు, ఎదుటివారి దాడిని ఆదిలోనే అడ్డగించుచుండెను.

భారతీయ యువకులను నమ్ముటకు మరియొక కారణము కలదు. జట్టులో పదునొకండుగురు ఆడుదురు. వారిలో విదేశీయుల సంఖ్యకు హద్దు ఉండెను. 2021–22లో ఆ హద్దు నలుగురికి తగ్గింపబడెను. తక్కిన ఏడుగురు మనవారే. విదేశములనుండి ఎంత నేర్పరులను తెచ్చినను, ఈ ఏడుగురు బలహీనులైనచో జట్టు నిలువజాలదు.

కరోనా వ్యాధి కారణమున 2020–21 పోటీలన్నియు గోవాలోనే, ప్రేక్షకులు లేని మైదానములలో జరిగెను. ఆ ఏట హైదరాబాదు జట్టు 20 పోటీలాడి 19 గోల్స్ మాత్రమే ఇచ్చెను. ఓటములు పండ్రెండు నుండి మూడింటికి తగ్గెను. జట్టు ఐదవ స్థానమునకు ఎదిగెను. కాని మొదటి నాలుగు జట్లకే సెమీఫైనల్ అర్హత. చివరి పోటీలో గోవా జట్టును గెలిచినచో ఆ అర్హత లభించెడిది. ఆ పోటీ గోల్స్ లేకయే సమముగా ముగిసెను. రెండు పాయింట్లలో అవకాశము తప్పిపోయెను.

ఇప్పుడు లోపము మరియొక చోట బయటపడెను. ఆ ఏట సమపోటీలు పదునొకండు. ఓడకుండుట నేర్చిన జట్టు గెలుచుట ఇంకను నేర్వవలసియుండెను. గెలుపునకు మూడు పాయింట్లు, సమపోటీకి ఒక్కటియే. కనుక గోల్స్ చేయగల నేర్పరి కావలసి వచ్చెను. నైజీరియా దేశీయుడగు బార్తొలోమ్యూ ఓగ్బెచే అట్లు జట్టులో చేరెను. అతనికప్పటికి 37వ యేడు సమీపించుచుండెను. పరుగు కొంత తగ్గినను, బంతి ఎచ్చటికి వచ్చునో ముందుగా గ్రహించి అచ్చట నిలుచు నేర్పు అతనికి మెండు. 2021–22లో అతడొక్కడే 18 గోల్స్ చేసెను. లీగు దశలో జట్టు చేసిన గోల్స్ 43. లీగులో జట్టునకు రెండవ స్థానము లభించెను.

2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టుతో తుది పోటీ జరిగెను. కేరళ మొదట గోలు చేసెను. 88వ నిముషమున సాహిల్ తవోరా దూరమునుండి బంతిని తన్ని సమము చేసెను. అదనపు కాలములోను ఫలితము తేలకపోగా పెనాల్టీ తన్నులు వచ్చెను. గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు తన్నులను ఆపెను. 3–1తో హైదరాబాదు విజేత యయ్యెను. రెండేండ్ల క్రిందట అట్టడుగున నిలిచిన జట్టు ఇదియేనా యని చూచువారు అచ్చెరువొందిరి.

కథ ఇంతటితో ముగిసిన బాగుండెడిది. మరుసటి ఏడును జట్టు రెండవ స్థానమున నిలిచెను. 2023లో మార్క్వెజ్ గోవా జట్టునకు వెడలిపోయెను. ఆపై క్లబ్బు ధనపు ఇక్కట్లలో చిక్కుకొనెను. చెల్లింపవలసిన బకాయిలు పేరుకొనెను. క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నిషేధించెను. పేరొందినవారు ఒక్కొక్కరే తరలిపోయిరి. మిగిలిన పిన్నవారు శక్తికొలది ఆడిరి. అయినను 2023–24లో 22 పోటీలకు ఒక్క గెలుపే దక్కెను. జట్టు మరల చివరి స్థానమునకు దిగెను. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి క్రొత్త పేరు దాల్చెను.

ఈ వృత్తాంతము నుండి విద్యార్థులు గ్రహింపవలసినది కలదు. జట్టును బాగుచేయుట యనగా అందరిని తీసివేసి క్రొత్తవారిని తెచ్చుట కాదు. ఏ లోపము పెద్దదో దానిని ముందు దిద్దవలెను. అది కుదిరిన పిమ్మట రెండవదానిని చూడవలెను. యువకుల బలమును, పెద్దల అనుభవమును తగిన చోట్ల నిలుపవలెను. అయితే మైదానములోని శ్రమ నిలువవలెనన్నచో మైదానము వెలుపలివారును తమ బాధ్యతను నెరవేర్పవలెను. ఆడువానికి సకాలమున అన్నవస్త్రములకు లోటు రానీయని సంస్థయే ఆటను కాపాడును. రెండేండ్ల కృషితో కట్టిన జట్టు ఒక్క ఏటి అశ్రద్ధచే చెదరిపోయినదను మాట మరువరానిది.