నడుము ఆపరేషన్ అయిన రోజే ఇంటికి రావచ్చునా?



స్కాలర్‌షిప్ పత్రికలో నడుము నొప్పి సంగతి ఎందుకని అనుకోవచ్చు. ఇంట్లో పెద్దవారికి ఆపరేషన్ అంటే మన గుడియాత్తంలో మొదట ఆగేది పిల్లల చదువే. నాకు ఆపరేషన్ అనగానే ప్లస్ టూ చదివే మా మనవడు నెల రోజులు సెలవు పెడతానన్నాడు. కాని వేలూరులో ఉదయం ఆపరేషన్ చేయించుకొని ఆ సాయంత్రమే నేను ఇంటికి వచ్చాను. అది ఎలా వీలయిందో చెబుతాను.

నడుము భాగంలో వెన్నుపూసలు 5. పూసకూ పూసకూ మధ్య డిస్కు ఉంటుంది. అది ఉబ్బి లేక చిట్లి నరాన్ని నొక్కితే పిరుదు నుండి పాదం దాకా నొప్పి లాగుతుంది. దీన్నే సయాటికా అంటారు. చాలామందికి ఇది మందులతో, మెల్లగా నడుస్తూ ఉండడంతో 6 నుండి 12 వారాలలో తగ్గుతుంది. తగ్గకపోయినా, పాదంలో బలం తగ్గుతున్నా ఆపరేషన్ మాట వస్తుంది. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా మాత్రం ఒక్క పూట కూడా ఆగరాదు.

డిస్కు జారడం వల్ల ఈ కాలినొప్పి వస్తుందని, దానికి ఆపరేషన్ చేయవచ్చని 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ ప్రకటించారు. మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో డాక్టర్ జేకబ్ చాండీ మన వేలూరు సి.ఎం.సి.లోనే ప్రారంభించారు. ఆ రోజుల్లో కోత పెద్దది, పడక ఎక్కువ రోజులు. 1977 ప్రాంతంలో మైక్రోస్కోపుతో చేసే పద్ధతి వచ్చింది. అంగుళం, అంగుళంన్నర కోతతో నరాన్ని నొక్కే ముక్కను మాత్రమే తీస్తారు. కండరం ఎక్కువ తెగదు, రక్తం ఎక్కువ పోదు. అందువల్లనే కొందరిని అదే రోజు పంపగలుగుతున్నారు.

ఇది అందరికీ కాదు. స్క్రూలు బిగించే పెద్ద ఆపరేషన్లకు, గుండె జబ్బు ఉన్నవారికి, షుగరు అదుపులో లేనివారికి, ఇంట్లో తోడు లేనివారికి ఆస్పత్రిలో ఉండడమే మంచిది. నన్ను పంపేముందు నాలుగు సంగతులు చూశారు: లేచి నడిచానా, మూత్రం పోశానా, తిన్నది నిలిచిందా, మాత్రలతో నొప్పి ఆగిందా. పాదం బలం కూడా పరీక్షించారు.

కారులో పళ్ళికొండ దగ్గర దిగి నాలుగడుగులు నడిచి ఇల్లు చేరాను. "కోసి ఇంటికి పంపేశారా!" అని చుట్టాలు కంగారుపడ్డారు. ఆ రాత్రి రెండు గంటలకు కాలు జివ్వుమని తిమ్మిరెక్కింది. మా ఆవిడ ఏడ్చేసింది. మనవడు డిశ్చార్జి కాగితంలోని నంబరుకు ఫోను చేశాడు. డ్యూటీ డాక్టరు మూడే ప్రశ్నలు అడిగారు: పాదం పైకి లేస్తోందా, మూత్రం వస్తోందా, తొడల మధ్య స్పర్శ ఉందా? అన్నీ సరిగా ఉన్నాయనగానే, ఇన్నాళ్ళు నలిగిన నరానికి తిమ్మిరి కొన్నాళ్ళు ఉంటుందని, ఉదయం వచ్చి చూపించమని చెప్పారు. ఆ కాగితం చదివి దగ్గర పెట్టుకున్నాడు కనుకనే వాడికి చేయి వణకలేదు.

మొదటి 24 గంటలు పెద్దవారెవరైనా తోడుండవలెను. రోజూ కొద్దికొద్దిగా నడవాలి. మంచం పట్టి ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. వంగరాదు, బిందె ఎత్తరాదు, ఎక్కువసేపు కూర్చోరాదు. జ్వరం, గాయం నుండి చీము, పిక్కలో వాపు, పాదం బలహీనత కనబడితే వెంటనే వెళ్ళాలి. కుర్చీ పనివారు సాధారణంగా కొన్ని వారాలలో పనికి వెళ్ళవచ్చు. మగ్గం తొక్కేవారు, బరువులు మోసేవారు డాక్టరు అనుమతి లేకుండా తొందరపడరాదు.

బ్యాంకులో పనిచేసినవాడిగా మరొక్క మాట. 24 గంటలు ఆస్పత్రిలో లేకపోతే ఇన్సూరెన్సు రాదని చాలామంది భయపడతారు. పాలసీలలో డే కేర్ చికిత్స అనే అంశం ఉంటుంది. మీ ఆపరేషన్ అందులోకి వస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. బిల్లులు, డిశ్చార్జి కాగితం భద్రపరచండి.

మూడవ రోజు మనవణ్ణి బడికి పంపాను. పిల్లలారా, ఆ కాగితం చదివి పెద్దలకు అర్థమయ్యేలా చెప్పడం మీ వంతు. మీ చదువు ఆగకుండా చూడడం మా వంతు.