దృశ్యనవలలును నేపథ్య సంగీతమును

పాఠశాల వార్షికోత్సవములలో నాటకము లాడునపుడు తెరప్రక్కను కూర్చుండి హార్మోనియము వాయించువానిని మనలో ననేకులు గమనింపరు. అయినను దుఃఖఘట్టమున నాతడు పొరపాటున నొక హుషారైన వరుస నెత్తుకొన్నచో సభ యంతయు నవ్వును. నటుని శ్రమ వృథా యగును. కథకు వెనుకనుండి సాయపడు సంగీతమున కంతటి బలము కలదు. ఈ సంగతినే నేటి బాలబాలికలు కంప్యూటరులపై చదువుచున్న యొక రకపు కథల విషయమున విచారింపదలచితిమి.

ఈ కథలకు విజువల్ నావెల్ అని పేరు. మనము దృశ్యనవల యనవచ్చును. ఇవి ముఖ్యముగా జపాను దేశమున వృద్ధిపొందినవి. తెరమీద నొక స్థలముయొక్క చిత్రమును, దానిపై పాత్రల రూపములును, క్రింద వాక్యములును కనబడును. చదువరి మీట నొక్కినకొలది కథ ముందునకు సాగును. అచ్చటచ్చట రెండు మూడు మార్గములలో నొకదాని నెన్నుకొనవలసివచ్చును. ఆ యెన్నికనుబట్టి కథ మాఱును. 1992వ సంవత్సరమున చున్‌సాఫ్ట్ అను సంస్థ సూపర్ ఫామికామ్ యంత్రమునకై ‘ఒతోగిరిసో’ అను భయానకకథను వెలువరించి, అట్టి రచనకు ‘సౌండ్ నావెల్’, అనగా శబ్దనవల, అని పేరిడెను. ఆ యంత్రమున ధ్వనికై కేటాయింపబడిన జ్ఞాపకస్థలము 64 కిలోబైట్లు మాత్రమే. అంత యిఱుకుచోటనే పని జరిపియు, కథకు శబ్దముపేరనే పేరు పెట్టుటను బట్టి, వారు వినికిడి కెంత విలువ నిచ్చిరో తెలియగలదు.

ఇట్లుండగా కొన్ని దృశ్యనవలలలో సంగీతము బలహీనముగా నుండుటకు కారణ మేమి? సినిమాకు సంగీతము కూర్చువానికి ఒక్కొక్క ఘట్ట మెన్ని సెకండులు నడచునో ముందుగానే తెలియును. దృశ్యనవలకు కూర్చువానికి అది తెలియదు. ఒకే పుటను ఒకడు పది సెకండులలో చదువును. వేఱొకడు నిమిషము తీసికొనును. కావున వరుస ముగిసినతోడనే మరల మొదటికి వచ్చునట్లు దానిని కూర్చుదురు. నిడివి చాలనిచో చదువరి నిమిషమునకు నాలుగైదు మారులు ఆ వరుసనే వినవలసివచ్చి విసుగు చెందును. రెండవ కారణము ధనాభావము. పెక్కు దృశ్యనవలలు కొలదిమంది మిత్రులు చేరి వ్రాయునవి. ప్రసిద్ధికెక్కిన ‘హిగురాషి నో నాకు కోరో ని’ 2002వ సంవత్సరమున నొక చిన్న స్వతంత్రబృందముచే వెలువడినపుడు ఉచితముగా లభించు సంగీతమునే వాడుకొనెను. తరువాతి ప్రచురణలలో సంగీతము మార్చబడినది. అనగా కథ నిలిచియుండగా సంగీతము మాఱుట క్రొత్త కాదన్నమాట.

ఇంతకంటె పాతదగు నిదర్శనము కలదు. మూకచిత్రముల కాలమున అమెరికాయందు చిత్రశాలలలో పియానో, ఆర్గను వాయించువారే ఘట్టమునకు తగిన సంగీతమును సమకూర్చుకొనెడివారు. వారికై యెర్నో రాపే యనునతడు 1924లో నొక పెద్ద గ్రంథమును ప్రకటించి, అందలి సంగీతమును 52 భావములుగను సందర్భములుగను విభజించెను. ఇంటిలో దృశ్యనవల చదువుచు తన సంగీతమును పెట్టుకొనువాడు ఆ చిత్రశాలలోని వాద్యకారుని పనినే చేయుచున్నాడు.

అయితే ఈ పని వివేకముతో చేయవలెను. మా యనుభవము నొకదానిని చెప్పెదము. ఒక రాత్రి మే మొక దృశ్యనవల చదువుచుంటిమి. దాని సంగీతము మిక్కిలి నీరసముగా నుండుటచే కట్టివేసి, మాకు ప్రియమైన సినిమాపాటలను పెట్టుకొంటిమి. కథలో నొక వృద్ధుడు దూరదేశముననున్న కుమారుని యుత్తరమును విప్పి చదువును. మఱునాడు, ఆ కథనే చదువనారంభించిన బాలు డొకడు “అయ్యా, ఆ యుత్తరములో నేమున్నది?” యని మమ్మడిగెను. మాకు పాటలోని చరణము మాత్రమే జ్ఞప్తికి వచ్చినది గాని ఉత్తరములో నొక్క మాటయు రాలేదు. మిగుల సిగ్గుపడితిమి. కథను బాగుచేయబోయి దానిని వినకయే పోయితిమి గదా!

దీనికి శాస్త్రకారణము కలదు. సలమే, బ్యాడ్లీ యను మనోవిజ్ఞానశాస్త్రవేత్తలు 1982లో, చదివి జ్ఞప్తియందుంచుకొనవలసిన యంకెలను చెవిని బడు మాటలు చెఱచునని పరీక్షలచే చూపిరి. 1989లో సంగీతముతో పరీక్షించి, మాటలతోగూడిన పాట వాద్యసంగీతముకంటె నెక్కువ ఆటంకము కలిగించునని కనుగొనిరి. మనస్సు కంటితో చదువు మాటలను సయితము లోపల పలుకుచుండును; చెవినుండి వచ్చు మాటలు ఆ చోటికే త్రోసికొనివచ్చును.

కావున మేము పిమ్మట అవలంబించిన పద్ధతి యిది. మొదటి ప్రకరణమును రచయిత యిచ్చిన సంగీతముతోనే చదువవలెను. వినకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు. పిదప అమరికలలోనికి పోయి సంగీతపు ధ్వనిని మాత్రమే సున్నకు తగ్గింపవలెను. 2004లో తొలుత వెలువడిన రెన్‌పై అను సాధనముతో నిర్మింపబడిన దృశ్యనవలలలో సామాన్యముగా సంగీతమునకు, శబ్దములకు, గాత్రమునకు వేఱువేఱు మీటలుండును. తలుపు చప్పుడు, వాన చప్పుడు, పాత్రల పలుకులు కథలోని భాగములు గనుక వానిని తీసివేయరాదు. తరువాత మాటలులేని వీణ, వేణువు, పియానో మున్నగు వాద్యసంగీతమును నాలుగు కట్టలుగా నేర్పరచుకొనవలెను: నిత్యజీవితమున కొకటి, దుఃఖమున కొకటి, భయసందేహముల కొకటి, ప్రయాణమున కొకటి. ఎన్నుకొన్న వరుస మరల మరల మ్రోగునట్లు పెట్టి, ధ్వనిని పాత్రల పలుకులకంటె తగ్గించి యుంచవలెను. మిక్కిలి పరిచితమైన పాట పనికిరాదు. అది తన వెంట తన జ్ఞాపకములను తెచ్చును.

ఒక్క హెచ్చరిక. కొన్ని ఘట్టములలో రచయిత బుద్ధిపూర్వకముగా సంగీతము నాపివేయును. మరణవార్త వినబడిన క్షణమున కలుగు నిశ్శబ్దము ఏ వరుసకును తీసిపోదు. మన సంగీతము మనకై యాగదు గనుక, అట్టిచోట మనమే గ్రహించి యాపవలెను. ‘క్లానాడ్’ (2004), ‘స్టైన్స్ గేట్’ (2009) వంటి రచనలలో సంగీతము కథతో పెనవేసికొని యుండును. అట్టివానిని ముట్టకుండుటయే మేలు.

మఱియొక ధర్మము. ఇంటిలో మనము మాత్రమే వినుటకు మార్చుకొనుట వేఱు. పరుల సంగీతమును చేర్చి లోకమునకు పంచిపెట్టుట వేఱు. మన దేశమున రచయిత మరణించిన పిమ్మట 60 సంవత్సరములవరకు సాధారణముగా హక్కు నిలుచును. 1925లో మరణించిన ఎరిక్ సాతీ రచనలకు ఆ గడువు తీరినది. కాని వానిని నేటి వాద్యకారుడు వాయించిన రికార్డునకు వేఱుగ హక్కుండును.

విద్యార్థులారా, ఇది వినోదమునకు సంబంధించిన చిన్నసంగతియే. అయినను ఒకరి పనిలోని కొఱతను తీర్చబూనువాడు మొదట ఆ పనిని శ్రద్ధగా గమనింపవలెననుట చిన్నసంగతి కాదు. మేము మాత్ర మాదినము సాయంకాలము సంగీత మేదియు లేకుండ కూర్చుండి ఆ యుత్తరమును మరల చదివితిమి. అందు కుమారుడు తాను పండుగకు రాలేనని వ్రాసియుండెను.