ఏఆర్‌టీ బిళ్ళ – వేళ తప్పరాదు

ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌ఐవీకి ఉచితంగా మందులిస్తోంది. నేడు ఎక్కువమంది పెద్దలకిచ్చేది టీఎల్‌డీ. అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే బిళ్ళ, రోజుకొకటి.

మూడు మందులెందుకు? వైరస్ పెరిగేటప్పుడు రూపం మార్చుకుంటూ ఉంటుంది. ఒక్క మందైతే తప్పించుకుంటుంది. మూడింటినీ ఒకేసారి తప్పించుకోవడం కష్టం. తరచూ బిళ్ళ మానితే మాత్రం ఒంట్లో మందు తగ్గి, వైరస్ మళ్ళీ పెరిగి, ఆ మందుకే లొంగకుండా పోవచ్చు. ఒంట్లో కులాసాగా ఉన్నా మానరాదు. హెపటైటిస్-బి కూడా ఉన్నవారు మానితే కాలేయానికి ముప్పు. మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, రెండు కలిపి వేసుకోరాదు.

హాస్టలు పిల్లలు గమనించాల్సింది ఐరన్ బిళ్ళ. ఖాళీ కడుపున రెండూ కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ సరిగా ఒంటబట్టదు. భోజనంతో అయితే ఫరవాలేదు. గ్యాసు మందు మాత్రం టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాతే. టీబీకి రిఫాంపిసిన్ వాడేవారికి 12 గంటల తేడాతో మరో డోలుటెగ్రావిర్ బిళ్ళ అవసరం. అందుకే ఏ డాక్టరుకైనా వాడే మందులన్నీ చెప్పాలి.

డాక్టరుకు చెప్పాలి గాని గదిలో అందరికీ చెప్పనక్కరలేదు. 2017 చట్టం ప్రకారం ఒకరి హెచ్‌ఐవీ సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదు, చదువులోనూ వసతిలోనూ వివక్ష చూపరాదు. మన హాస్టళ్ళలో ఒకరి ట్రంకుపెట్టె ఇంకొకరు తెరవడం తమాషా కింద లెక్క. తమ్ముళ్ళూ, ఆ తమాషాకు భయపడే ఎవరో ఒకడు రాత్రి బిళ్ళ మానేస్తాడు.

దెందులూరు వారికి ఏలూరు ప్రభుత్వాసుపత్రి ఏఆర్‌టీ కేంద్రం దగ్గర. సందేహాలకు 1097 ఉచిత ఫోను.