ఆది జాకెట్టూ, అక్క కూతురి ఆఫీసూ

మా అక్క కూతురు చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. మొన్న తిరుపతి వచ్చినప్పుడూ ఒళ్ళో లాప్‌టాపే. తొంగిచూస్తే ఏదో పట్టిక.

"ఏందే ఇది?"

"ప్రాసెస్ టెంప్లేట్ పిన్నీ. క్లయింటుకు ఏం కావాలో కనుక్కోవడం, డిజైన్ చేయడం, కోడ్ రాయడం, టెస్టింగ్, అప్పగించడం... ఏ మెట్టులో ఎవరేం చేయాలో, ఏది పూర్తయితే ముందుకు కదలాలో అన్నీ ఇందులో ఉంటాయి. కొత్త పని వచ్చినప్పుడల్లా మొదట్నుంచీ ఆలోచించకుండా దీన్నే వాడతాం."

"ఓస్, మా పెళ్ళి పుస్తకమే గదా!" అన్నాను.

చిత్తూరులో మా ఆడపడుచు పెళ్ళప్పుడు అత్తగారు చెబుతుంటే నేను రాసిన నోటుపుస్తకం అది. లగ్నపత్రిక నుంచి అప్పగింతల దాకా ఏ పని ఎవరిదో అంతా ఉంది. తర్వాత మూడు పెళ్ళిళ్ళు దాంతోనే గట్టెక్కాయి. నాలుగోది మా బావగారి కూతురిది. తిరుపతిలో, మే నెలలో, కల్యాణమండపంలో. పుస్తకం ప్రకారం అన్నిటికీ టిక్కులు పెట్టాను. ముహూర్తానికి రెండు గంటల ముందు కుళాయిలు ఆగిపోయాయి! చిత్తూరు ఇంటి పెరట్లో బావి ఉండేది. అందుకే పుస్తకంలో నీళ్ళ ఊసే లేదు. మగపెళ్ళివారి ముందు బావగారు తలదించుకుని ట్యాంకర్ కోసం పరుగెత్తడం ఇప్పటికీ కళ్ళలో మెదులుతుంది.

విని మా పిల్ల నవ్వలేదు. "మా దగ్గరా అంతే పిన్నీ. టిక్కు పెడితే పని అయిపోయిందనుకుంటాం. పట్టికను ఆ పనికి తగ్గట్టు మార్చుకోవాలి. దాన్ని టైలరింగ్ అంటాం."

టైలరింగా! ఒళ్ళు వచ్చిందని చెప్పకుండా పాత ఆది జాకెట్టే ఇచ్చి, బిగుతైందని దర్జీని తిడితే ఎలా?

ఈ ఆలోచనకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1984లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పనిచేసిందీ ఆ విశ్వవిద్యాలయంలోనే. వాట్స్ హంఫ్రీ ఆలోచనలతో ఆ సంస్థ 1991లో ఐదు మెట్ల కొలమానం తెచ్చింది. మొదటి మెట్టులో పనంతా ఎవరో ఒకరి సమర్థత మీదే నడుస్తుంది. మూడో మెట్టుకొచ్చేసరికి సంస్థకంతటికీ రాసిపెట్టిన పద్ధతి ఉంటుంది, ఏ పనికాపని దాన్ని సరిచేసుకుంటారు. ఐదో మెట్టులో జరిగిన తప్పుకు కారణం వెదికి పద్ధతినే దిద్దుకుంటారు.

మన ఇళ్ళు చాలావరకు మొదటి మెట్టులోనే ఉన్నాయి. అన్నీ ఒక్క అమ్మకో అత్తకో తెలుసు. మా అత్తగారికి ఇప్పుడు మతిమరుపు. కూతురి పెళ్ళి ఏ ఊళ్ళో జరిగిందో కూడా చెప్పలేరు. ఆ రోజు రాసుకున్నదే మిగిలింది.

ఆ రాత్రి పుస్తకం తీసి ఒక వరుస చేర్చాను: "మండపమైతే ముందురోజే ట్యాంకర్ చెప్పాలి. ఎవరు?"

మీ ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. చివరిసారి ఎప్పుడు దిద్దారు?