ఖాకీ దుస్తులకు పట్టా చాలునా?

1905లో అమెరికాలోని బర్క్లీ పట్టణ ప్రజలు ఇరవై తొమ్మిదేళ్ల తపాలా బంట్రోతు నొకణ్ణి తమ మార్షల్‌గా, అంటే పట్టణ పోలీసు అధికారిగా, ఎన్నుకున్నారు. ఆయన పేరు ఆగస్ట్ వోల్మర్. విశ్వవిద్యాలయపు గడప తొక్కినవాడు కాదు. అయినా నేరస్థుణ్ణి పట్టుకోవడానికి లాఠీ కంటె చదువే ఎక్కువగా అక్కరకు వస్తుందని ఆయన నమ్మాడు. 1908లో తన సిబ్బంది కోసం ఒక బడి పెట్టాడు. 1916లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పోలీసు విద్యకు వేసవి తరగతులు ప్రారంభింపజేశాడు. విద్యార్థులనే పోలీసు ఉద్యోగాలలో చేర్చుకుంటే పాతకాలపు పోలీసులు 'కాలేజీ పోలీసులు' అని పరిహసించారు. వోల్మర్ వద్ద పనిచేసిన జాన్ లార్సన్ శరీరధర్మశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. 1921లో అసత్యశోధక యంత్రాన్ని రూపొందించినవాడు ఆయనే. తుదకు వోల్మర్ సైతం అదే విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని అలంకరించాడు.

ఈ వృత్తాంతం నాకు జ్ఞాపకం రావడానికి కారణం ఒక రైతు. నేను అనువాదకుణ్ణని ఎవరో చెప్పగా, పోలీసు శాస్త్రంలో పట్టా ఇస్తామంటూ ఒక ప్రైవేటు కళాశాలవారు ఆంగ్లంలో అచ్చువేసిన పుస్తకాన్ని చేతబట్టుకొని వచ్చాడు.

"అయ్యా, చదువయ్యాక మావాడికి ఉద్యోగం ఇస్తామని రాశారా, లేదా? అదొక్కటి చెప్పండి. ఎకరం పొలం దానిమీదే ఉంది" అన్నాడు.

ఆద్యంతం రెండుసార్లు చదివాను. 'అవకాశాలు' అన్న మాట ప్రతి పుటలోనూ ఉంది. నియామకమన్న మాట ఎక్కడా లేదు.

ఉండే వీలూ లేదు. మన రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల అధీనంలోని విషయం. ఆంధ్రప్రదేశ్‌లో గాని, తెలంగాణలో గాని సబ్ ఇన్‌స్పెక్టరు పరీక్షకు ఏ పట్టా అయినా సరిపోతుంది. నేరశాస్త్రం చదివినవాడూ, తెలుగు సాహిత్యం చదివినవాడూ ఒకే గీతమీద నిలబడి పరుగు మొదలుపెట్టవలసినదే. ఐ.పి.ఎస్. సంగతీ అంతే. సివిల్ సర్వీసుల పరీక్షలోని ఐచ్ఛిక విషయాలలో నేరశాస్త్రానికి చోటే లేదు. 1948లో మౌంట్ అబూలో నెలకొని 1975లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీ కూడా నెగ్గినవారికి శిక్షణ ఇచ్చే సంస్థయే గాని, నెగ్గడానికి దారి కాదు.

మరి ఈ చదువు వృథాయా? కాదు. దాని ఫలం ఖాకీ దుస్తులకు కొంచెం అవతల ఉంది. సాగర్ విశ్వవిద్యాలయంలో 1959లోనే నేరశాస్త్ర, న్యాయవైద్య విజ్ఞాన విభాగం వెలసింది. 2020లో పార్లమెంటు చట్టాలు చేసి, గుజరాత్‌లోని రెండు సంస్థలకు రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయంగా, జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా జాతీయ హోదా కల్పించింది. ఇంతకంటె ముఖ్యమైన మార్పు 2024 జులై 1న వచ్చింది. ఆనాడు అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరం జరిగితే ఫోరెన్సిక్ నిపుణుడు ఆ స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. ఇందుకు సన్నద్ధం కావడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువున్నది. ఇంత దేశానికి ఎందరు నిపుణులు కావాలో ఊహించండి.

అయితే ఇక్కడొక మెలిక. ప్రయోగశాలలు అడిగేది రసాయన, భౌతిక, జీవశాస్త్రాలలో పునాది. సైన్సు లేకుండా నేరశాస్త్రం మాత్రమే చదివినవారికి ఆ తలుపు తెరుచుకోవడం కష్టం. చలనచిత్రాలు చూసి చేరే పిల్లలకు ఈ సంగతి మూడో సంవత్సరంలో గాని తెలియదు. ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో వెలసిందని విన్నాం కదా! ఆ ముద్రలను వర్గీకరించే పద్ధతికి ప్రాణం పోసిన అజీజుల్ హక్ గణితం చదివినవాడు. కీర్తి మాత్రం ఆయన పై అధికారి హెన్రీకి దక్కింది. అది వేరే కథ.

తక్కినవారికి బ్యాంకులలో మోసాల విచారణ, సంస్థల భద్రత, కారాగార సంక్షేమం, బాలనేరస్థుల పర్యవేక్షణ వంటి కొలువులున్నాయి. యు.జి.సి. నెట్ గట్టెక్కితే అధ్యాపక వృత్తి.

ఇదంతా ఆ రైతుకు చెప్పాను. ఆ కళాశాలకు గుర్తింపు ఉన్నదో లేదో, అక్కడ చదివినవారు నేడు ఏం చేస్తున్నారో స్వయంగా వెళ్లి కనుక్కొమ్మన్నాను. కుర్రవాడికి రసాయనశాస్త్రమంటే ఇష్టమట; బి.ఎస్సీ.లో చేర్పించే సంగతీ ఆలోచిస్తానన్నాడు. పుస్తకం మడిచి సంచిలో పెట్టుకొని, గుమ్మం దాటబోతూ వెనుదిరిగాడు.

"అయితే అయ్యా, ఆ పరుగు ఎంత దూరం ఉంటుంది? రేపటినుంచే మొదలెట్టిస్తాను."