కొల్లేరు లంక నుంచి నూజివీడు ట్రిపుల్ ఐటీ దాకా.. జడ్పీ హైస్కూల్ చదువు ఎలా ఉంటుంది? టెన్త్‌లో ఈ ఒక్క రూల్ మర్చిపోతే నష్టమే!

ఏలూరు: 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన సంగతి అందరికీ గుర్తే. అప్పుడు టీవీల్లో కనిపించినవన్నీ సింగ్ నగర్ వీధులే. కానీ ఆ నీళ్లు అక్కడితో ఆగలేదు. బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే. కొన్ని రోజుల్లోనే లంక గ్రామాల చుట్టూ వరద చేరింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నుంచి నీళ్లు పారడంతో రాకపోకలు నిలిచిపోయాయి. లంకల్లో రోడ్డు ఆగిందంటే బడి కూడా ఆగినట్టే.

పట్నంలో నాలుగు రోజులు సెలవులొస్తే ట్యూషన్ ఉంటుంది, ఆన్‌లైన్ క్లాస్ ఉంటుంది. లంకలో పిల్లలకు ఉన్న ఒకే ఒక్క దారి ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్. అక్కడ చదువు ఎలా నడుస్తుంది? ప్రభుత్వం ఏమేం ఇస్తోంది? టెన్త్ తర్వాత ఎటు వెళ్లొచ్చు? అన్నిటికంటే ముఖ్యంగా, టెన్త్ మొదటిసారే పాసవ్వడం ఎందుకంత కీలకం? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు జడ్పీ హైస్కూల్ అంటే ఏంటి?

ఒకప్పుడు పల్లెల్లో హైస్కూళ్లను జిల్లా బోర్డులు నడిపేవి. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చాక అవి జిల్లా పరిషత్ చేతికి వచ్చాయి. అందుకే ఇప్పటికీ ఊళ్లో ఎవరిని అడిగినా 'జడ్పీ స్కూల్' అనే అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి పట్టణాల్లో మున్సిపల్ హైస్కూళ్లు కూడా ఉంటాయి. యాజమాన్యం ఎవరిదైనా సిలబస్, పుస్తకాలు, పబ్లిక్ పరీక్ష అన్నీ ఒకటే.

ఇక్కడ ఓ తమాషా ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, నూజివీడు ప్రాంతాలు ఏలూరు జిల్లాలో కలిశాయి. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా ఏర్పడిన పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. జిల్లాలైతే మారాయి కానీ జిల్లా పరిషత్‌లు పాత జిల్లాల ప్రకారమే కొనసాగాయి. అంటే కైకలూరు వైపు స్కూల్‌కి జిల్లా కేంద్రం ఏలూరు, జడ్పీ ఆఫీసు మాత్రం మచిలీపట్నం! పిల్లలకు దీంతో పనిలేదు. బిల్డింగ్ రిపేర్ కోసం తిరిగే హెడ్మాస్టర్‌కి మాత్రం ఈ తేడా బాగా తెలుసు.

రోజు ఎలా గడుస్తుందంటే..

హైస్కూల్లో ఆరు నుంచి పది వరకు క్లాసులు ఉంటాయి. మధ్యలో జీవో 117 కింద కొన్ని చోట్ల 3, 4, 5 తరగతుల్ని కూడా హైస్కూళ్లకు పంపారు. చిన్న పిల్లలు అంత దూరం ఎలా వెళ్తారంటూ తల్లిదండ్రులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. 2025 మేలో ఆ జీవోను పక్కనపెట్టి ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది.

ఉదయం 9కి ప్రార్థనతో బడి మొదలవుతుంది. సాయంత్రం 4 దాకా పీరియడ్లు. మూడు భాషలు, లెక్కలు, సైన్స్, సోషల్ మామూలే. వీటితో పాటు వారంలో ఆటల పీరియడ్ కూడా ఉంటుంది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌లో బాగా ఆడే పిల్లలు స్కూల్ గేమ్స్ సెలక్షన్స్‌కి మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్ర స్థాయికి వెళ్లొచ్చు. ఏడాదిలో నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు, రెండు సమ్మేటివ్ పరీక్షలు జరుగుతాయి. పుస్తకాల బరువు లేకుండా శనివారం 'నో బ్యాగ్ డే' కూడా పెట్టారు.

ఇక పేరెంట్స్ మాట వినడానికి మెగా పేరెంట్–టీచర్ మీటింగ్ ఉంది. మొదటిది 2024 డిసెంబర్ 7న, రెండోది 2025 జులై 10న రాష్ట్రమంతా జరిగాయి. చేపల పనికి, పొలం పనికి వెళ్లే తల్లిదండ్రులు ఒక పూట కూలీ పోతుందని ఈ మీటింగ్ మానేస్తుంటారు. పిల్లల మార్కులు, హాజరు చూపించి నేరుగా మాట్లాడే రోజు అదే. కాబట్టి వదులుకోకపోవడమే మంచిది.

ఇంగ్లీషా? తెలుగా?

2020–21 నుంచి పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో ఇంగ్లీష్, దాని ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. 2024–25లో టెన్త్‌కి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. మధ్యలో వెయ్యి ప్రభుత్వ స్కూళ్లను సీబీఎస్ఈలోకి మార్చినా, 2024లో మళ్లీ రాష్ట్ర బోర్డుకే తెచ్చారు.

2025 మార్చి పరీక్షల లెక్క చూస్తే ఏ గాలి వీస్తోందో అర్థమవుతుంది. ఇంగ్లీష్ మీడియంలో రిజిస్టర్ చేసుకున్నవాళ్లు దాదాపు 5.64 లక్షల మంది. తెలుగు మీడియంలో 51 వేల మంది. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీష్ రాని పిల్లలకు ఇది చిన్న మార్పేమీ కాదు. పాఠం అర్థమయ్యేది తెలుగులో, జవాబు రాయాల్సింది ఇంగ్లీష్‌లో. అందుకే ఆ ఎదురు పేజీ చాలా ఉపయోగపడుతుంది. తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, ఇంగ్లీష్ పేజీలో జవాబు నేర్చుకునేలా అలవాటు చేస్తే బట్టీ బాధ కొంత తగ్గుతుంది.

భోజనం, బ్యాగ్, డబ్బులు

మధ్యాహ్న భోజనం ఇప్పుడు 'డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం' పేరుతో నడుస్తోంది. అడిగినవాళ్లకు లేదనకుండా అన్నం పెట్టిన గోదావరి లంకల అన్నపూర్ణ పేరది. ఒకటో తరగతి నుంచి టెన్త్ దాకా అందరికీ భోజనం ఉంటుంది. గుడ్డు, చిక్కీ, రాగి జావ కూడా ఇస్తారు. ఒక్కో ప్రాంతం రుచికి తగ్గట్టు రాష్ట్రాన్ని నాలుగు జోన్లు చేసి మెనూ మార్చారు. 2025 జూన్ నుంచి సన్న బియ్యం అన్నం పెడుతున్నారు.

పుస్తకాలు, నోట్‌బుక్స్, యూనిఫాం క్లాత్, బూట్లు, బెల్టు, బ్యాగ్ 'సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర' కిట్‌లో వస్తాయి. 'తల్లికి వందనం' కింద ఏడాదికి రూ.15 వేలు. ఇందులో రూ.13 వేలు తల్లి ఖాతాలో పడతాయి. మిగతా రూ.2 వేలు స్కూల్ నిర్వహణకు వెళ్తాయి. ఇంట్లో చదువుకునే పిల్లలు ఎంతమంది ఉంటే అంతమందికీ ఇస్తారు. అయితే 75 శాతం హాజరు ఉండాలనే షరతు ఉంది. లంకల్లో అసలు కష్టం ఈ హాజరు దగ్గరే మొదలవుతుంది.

నీళ్లు, చెరువు గట్టు, కూలీ డబ్బు

కొల్లేరు సంగతి తెలియనిది కాదు. 1999లో దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 308 చదరపు కిలోమీటర్లు దాని పరిధిలోకి వచ్చాయి. 2002లో రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులన్నీ సరస్సులోకి వస్తాయి. సముద్రంలోకి వెళ్లే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే నీళ్లు ఎక్కువై, పోయే దారి ఇరుకైతే లంకల్లో రోజుల తరబడి నీళ్లు నిలుస్తాయి. వాన తగ్గినా రోడ్డు తేలదు. కలెక్టర్ ఇచ్చిన సెలవు ముగిసినా పిల్లలు బడికి రాలేరు.

రెండోది చెరువు గట్టు. చేపల చెరువులకు కాపలా ఉండే కుటుంబాలు చాలావరకు గట్టు మీదే పాక వేసుకుని ఉంటాయి. చెరువు మారితే మకాం మారుతుంది. మకాం మారితే పిల్లల బడి మారుతుంది. చాలామంది టీసీ లేదని పిల్లల్ని ఇంట్లోనే ఉంచేస్తారు. నిజానికి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు టీసీ లేదన్న కారణంతో అడ్మిషన్ ఆపకూడదు. వయసుకు తగ్గ క్లాసులో చేర్చుకోవాల్సిందే.

మూడోది కూలీ డబ్బు. చెరువులో పట్టుబడి అంటే తెల్లవారుజామునే పని మొదలవుతుంది. వల లాగడానికి, చేపలు ట్రేల్లో సర్దడానికి చేతులు కావాలి. తొమ్మిదో క్లాస్ కుర్రాడు ఒక రోజు వెళ్తే చేతిలో డబ్బు కనిపిస్తుంది. ఆ రోజు బడి పోతుంది. వారానికి రెండు రోజులైతే లెక్కలు వెనకబడతాయి. నెల గడిచేసరికి 'నాకు చదువు రాదు' అనే మాట వస్తుంది. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడం నేరమని చట్టం చెబుతోంది. ఇంటి అవసరం మాత్రం వేరేలా చెబుతుంది. దారిద్ర్యమే పెద్ద కారణం అన్నది నిజమే. అయితే టెన్త్ తర్వాత ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం కూడా అంతే పెద్ద కారణం.

దీనికి తోడు టెన్త్ పిల్లలకు కీలకమైన ఫాల్గుణ మాసంలోనే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వస్తుంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. ఇంటికి చుట్టాలొస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లకే పబ్లిక్ పరీక్షలు. జాతరకు వెళ్లొద్దని ఎవరూ అనరు. ఒక రోజు చూసి, మళ్లీ పుస్తకం పట్టుకునేలా ఇంట్లో పెద్దవాళ్లు చూసుకోవాలి, అంతే.

టెన్త్: మొదటిసారే ఎందుకు పాసవ్వాలి?

టెన్త్‌లో మొత్తం 600 మార్కులు. ఫిజికల్ సైన్స్, బయలాజికల్ సైన్స్ వేర్వేరు రోజుల్లో 50 మార్కుల చొప్పున ఉంటాయి కాబట్టి పేపర్లు ఏడు. పాస్ మార్కులు 35, హిందీకి మాత్రం 20. ఒకప్పటిలా స్కూల్ వేసే ఇంటర్నల్ మార్కులు ఇప్పుడు లేవు. అంతా పరీక్ష హాల్లో రాసిందే.

2025లో రాష్ట్రవ్యాప్తంగా 6,14,459 మంది రెగ్యులర్ విద్యార్థులు పరీక్ష రాస్తే 81.14 శాతం పాసయ్యారు. బాలికలు 84.09 శాతం, బాలురు 78.31 శాతం. అంటే వంద మందిలో దాదాపు 19 మంది మొదటిసారి గట్టెక్కలేదు. వాళ్ల కోసం మేలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పెట్టారు. అందులో పాసైతే ఏడాది వృథా కాదు, ఇంటర్‌లో చేరొచ్చు.

కానీ ఒక తలుపు మాత్రం మూసుకుపోతుంది. అదే ట్రిపుల్ ఐటీ. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం క్యాంపస్‌లలో ఒకటి నూజివీడులో ఉంది. ఇప్పుడది ఏలూరు జిల్లానే. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు. ఎంట్రన్స్ టెస్ట్ లేదు. కోచింగ్ ఫీజు లేదు. టెన్త్ మార్కులే ప్రాతిపదిక. పైగా ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్ స్కూళ్లలో చదివిన పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోర్ అదనంగా కలుపుతారు. లంకలో జడ్పీ స్కూల్లో చదవడం ఇక్కడ లోటు కాదు, కలిసొచ్చే విషయం. అయితే టెన్త్ మొదటి ప్రయత్నంలోనే పాసవ్వాలి. సప్లిమెంటరీలో పాసైనవాళ్లకు అర్హత ఉండదు.

అంటే వరదకు పోయిన వారం, పట్టుబడికి పోయిన పది రోజులు కలిసి ఒక్క సబ్జెక్ట్‌లో 35 రాకుండా చేస్తే, పోయేది ఒక్క సబ్జెక్ట్ కాదు. ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువు అవకాశం!

అందుకే డిసెంబర్ నుంచి స్కూళ్లలో టెన్త్ పిల్లలకు ప్రత్యేక ప్రణాళిక నడుస్తుంది. వెనకబడిన పిల్లలకు విడిగా క్లాసులు, స్లిప్ టెస్టులు పెడతారు. దూరం ఊళ్ల పిల్లలకు సాయంత్రం క్లాస్ అయ్యాక బస్సు దొరకడమే సమస్య. 2025 ఆగస్టు 15న మొదలైన 'స్త్రీ శక్తి' పథకంతో అమ్మాయిలకు ఆర్టీసీ బస్సు టికెట్ ఖర్చు లేదు. కాకపోతే ఆ టైమ్‌కి ఊరికి బస్సు ఉండాలి కదా. బడికి చాలా దూరం నుంచి వచ్చే పిల్లలకు సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం ఉంది. దాని గురించి హెడ్మాస్టర్‌ని అడగాలి.

టెన్త్ తర్వాత ఇంకా ఏ దారులు ఉన్నాయి?

ట్రిపుల్ ఐటీ సీటు రాకపోతే అన్నీ అయిపోయినట్టు కాదు. ఫీజు భారం లేని ఇతర దారులు ఇవీ..

* ఏపీఆర్‌జేసీ: ఎంట్రన్స్ రాసి గురుకుల జూనియర్ కాలేజీలో చేరొచ్చు. ఈ ప్రాంతానికి దగ్గర్లో కృష్ణా జిల్లా నిమ్మకూరు ఉంది. హాస్టల్ అక్కడే.

* పాలిసెట్: మూడేళ్ల డిప్లొమా. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

* ఉద్యాన డిప్లొమా: తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉన్న డాక్టర్ వైఎస్ఆర్ ఉద్యాన విశ్వవిద్యాలయం టెన్త్ పాసైన పల్లె పిల్లల కోసం దీన్ని నడుపుతోంది.

* ఫిషరీస్ డిప్లొమా: చెరువు మీదే పెరిగిన పిల్లలకు నీటి పరీక్ష, చేపల జబ్బులు, మేత లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ అనుభవానికి సర్టిఫికెట్ తోడైతే చెరువు మీద కూలీగా కాకుండా టెక్నీషియన్‌గా నిలబడొచ్చు.

* ఇంటర్ ఎంపీసీ, జేఈఈ: 2015లో తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ వచ్చింది. అందులో సగం సీట్లు ఏపీ విద్యార్థులకే.

ఎనిమిదో క్లాస్‌లోనే రాయాల్సిన ఒక పరీక్షను మాత్రం చాలామంది మర్చిపోతారు. అదే ఎన్ఎంఎంఎస్. ఇంటి ఆదాయం ఏడాదికి రూ.3.5 లక్షల లోపు ఉంటే రాయొచ్చు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి రూ.12 వేల చొప్పున నాలుగేళ్లు స్కాలర్‌షిప్ వస్తుంది. ప్రైవేట్ స్కూల్ పిల్లలకు ఈ అవకాశం లేదు.

పేరెంట్స్ ఇప్పుడు ఏం చేయాలి?

స్కూల్‌కి వెళ్లి మూడు విషయాలు అడిగితే చాలు. ఒకటి, ఇప్పటిదాకా హాజరు ఎంత శాతం? రెండు, ఏ సబ్జెక్ట్‌లో 35 దాటడం కష్టంగా ఉంది? మూడు, వరదకో, వలసకో పోయిన పాఠాలు మళ్లీ ఎప్పుడు చెబుతారు? చదువు రాని తల్లిదండ్రులైనా ఈ మూడూ అడగొచ్చు. అడిగే హక్కు ఉంది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్న పేరెంట్స్ అయితే తప్పకుండా అడగాలి.

కొల్లేరు, నూజివీడు ట్రిపుల్ ఐటీ ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి. పక్క జిల్లాలోనే ఎన్ఐటీ ఉంది. లంక పిల్లలకు అక్కడికి వెళ్లే దారి మొదలయ్యేది ఊళ్లో జడ్పీ హైస్కూల్ గేటు దగ్గరే. పట్టుబడి మళ్లీ ఇంకో చెరువులో ఉంటుంది. టెన్త్ మొదటి అటెంప్ట్ మాత్రం ఒక్కసారే వస్తుంది.