ఉత్తుత్తి కుస్తీలు - నిజమైన దెబ్బలు

"అంతా ముందే అనుకుని కొట్టుకుంటారటగదరా! తెలిసి తెలిసి ఇంకా చూడడమెందుకు?"

మొన్న సంక్రాంతికి మా అమ్మ వేసిన ప్రశ్న యిది. ఆమెకు ఎనభై ఏళ్లు దాటాయి. ప్రశ్నకు గురి అయినవాళ్లు మా మేనల్లుడూ, వాడి చెల్లెలూ, వాడి చిన్ననాటి స్నేహితుడూను. ముగ్గురికీ నలభై ఏళ్లు వచ్చాయి. ముగ్గురూ పిల్లలు గలవాళ్లు. పండుగ భోజనాలు కాగానే పేకముక్కలు తీస్తారనుకుంటే, ముందుగదిలో చాప పరచుకుని, ముప్పయ్యేళ్లనాటి అమెరికా కుస్తీలు టెలివిజనులో పెట్టుకుని కూర్చున్నారు.

ఈ పిచ్చి వీళ్లకు ఎక్కడిదో పాఠకులలో చాలామందికి తెలిసే వుంటుంది. 1990 దాటాక మన ఊళ్లలోకి కేబులు తీగలు వచ్చిన కొత్తల్లో, డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. అన్న మాట వినని బడిపిల్లవాడు లేడు. వస్తాదుల బొమ్మలు అచ్చువేసిన కార్డులు చేతబట్టుకుని, ఎవరి ఎత్తెంత, ఎవరి బరువెంత, ఎవరి ఛాతీ కొలతెంత అని పందేలు వేసుకునేవాళ్లు. ఎక్కాలు ఒక పట్టాన రాని పిల్లలకు కూడా ఆ అంకెలన్నీ కంఠతా వచ్చేవి. మా మేనల్లుడు వాళ్లని చూసి మంచం మీదనుంచి పరుపు మీదకు దూకబోయి, గచ్చుమీద పడి, నెలరోజులు చేతికి కట్టుతో తిరిగాడు. అందుచేత మా అమ్మకు ఈ కుస్తీలంటే గిట్టకపోవడంలో న్యాయం లేకపోలేదు.

ఆ తర్వాత ఒకనాడు పెద్ద తరగతి కుర్రాడెవడో, "అదంతా ఉత్తుత్తిదేరా!" అన్నాడట. వీడు వాడితో నిజంగానే కలియబడి ఇంటికి వచ్చాడు. నిజానికి ఆ రహస్యం అప్పటికే రహస్యం కాదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు ఆ కంపెనీవారే, మాది పోటీ కాదు, వినోదం మాత్రమేనని ఒప్పుకున్నారు. క్రీడలమీద ఉండే పన్నూ, ప్రభుత్వ తనిఖీ తప్పుతాయని ఆ పని చేశారు. ఆ సంగతి మన పిల్లలదాకా రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

మరి గుట్టు తెలిసిపోయాక కూడా ఏం చూస్తున్నారు? అమ్మ ప్రశ్నకు జవాబుగా మా మేనల్లుడు ఒక కుస్తీ ఎంచి పెట్టాడు.

బావా బావమరుదుల యుద్ధం

అది 1992 ఆగస్టు 29న లండనులోని వెంబ్లీ స్టేడియంలో జరిగింది. ఎనభైవేలమందికి పైగా జనం. ఒకవైపు కెనడా వస్తాదు బ్రెట్ హార్ట్. రెండోవైపు ఇంగ్లీషువాడు డేవీ బాయ్ స్మిత్. ఈ డేవీ, బ్రెట్ చెల్లెలు డయానాకు భర్త. ఆమె గోదా పక్కనే కూర్చుని, అన్న గెలవాలనాలో, మొగుడు గెలవాలనాలో తెలియక కళ్లు తుడుచుకుంటున్నది. ఇది కథకోసం కల్పించిన చుట్టరికం కాదు, నిజమైన చుట్టరికమే.

ఇంతసేపూ పెడమొహంగా కూర్చున్న మా అమ్మ ఇటు తిరిగింది.

"ఇది గయోపాఖ్యానమేకదురా! కృష్ణుడూ అర్జునుడూ, నడుమ సుభద్రాను!"

నిజమేమరి. 1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధము' సినిమా ఆడినప్పుడు, కృష్ణుడి చేతిలో అర్జునుడు చచ్చిపోతాడేమోనని టిక్కెట్టు కొన్నవాళ్లెవరు? యుద్ధం ఎలా ముగుస్తుందో చంటిపిల్లకు కూడా తెలుసు. తెలిసిన కథను ఎన్.టి. రామారావు, నాగేశ్వరరావు ఎలా నడిపించారో చూడడానికే జనం వెళ్లారు. పద్యనాటకాల రోజుల్లో తెలిసిన పద్యానికే 'వన్స్ మోర్' కొట్టేవాళ్లం కాని, తెలియని పద్యానికి కాదు.

"అమ్మమ్మా, ఇప్పుడు బ్రెట్ మూతి చూడు," అన్నాడు మేనల్లుడు.

బ్రెట్ బావగారి మెడ చంకకింద ఇరికించి పట్టాడు. అతని పెదవులు డేవీ చెవి దగ్గర కదులుతున్నాయి. చిన్నప్పుడు చూసినప్పుడు కోపంతో పళ్లు కొరుకుతున్నాడనుకున్నారట వీళ్లు. అసలు సంగతి బ్రెట్ తర్వాత చెప్పుకున్నాడు. కుస్తీ మొదలైన కాసేపటికే డేవీకి ఊపిరి అందలేదు; ముందుగా అనుకున్న వరస అంతా మరచిపోయాడు. అన్ని వేలమంది ఎదుట, అతని సొంతదేశంలో, నవ్వులపాలు కావలసిన సమయం. అప్పటినుంచి చివరిదాకా బ్రెట్ ఒక్కొక్క పట్టే చెవిలో చెబుతూ, తెర చాటునుంచి పద్యం అందించినట్లు, అతణ్ణి నడిపించాడు. ఆఖరికి తన వీపు నేలకు ఆనించి, మూడు లెక్కపెట్టేదాకా ఉండి, అతణ్ణి గెలిపించాడు.

ఈ ముక్క తెలిశాక మరోసారి చూస్తే ఆ కుస్తీ వేరే కుస్తీ అయిపోతుంది. కొడుతున్నట్లు కనిపించేవాడు కాస్తున్నాడు!

దెబ్బ ఎక్కడ తగులుతుంది?

అయితే ఇందులో దెబ్బలే ఉండవనుకుంటే పొరపాటు. ఆ గోదా మన తాలింఖానాలో మెత్తటి మట్టి కాదు. ఇనుప దూలాలమీద చెక్కలు పరచి, పైన పలచని మెత్త వేసి, గట్టి గుడ్డ బిగిస్తారు. పడేవాడు గడ్డం గుండెకు ఆనించి, వీపంతా ఒక్కసారిగా నేలకు తగిలేటట్లు పడాలి. తల ముందుగా తగిలిందా, మెడ విరిగిందన్నమాటే. ఎత్తేవాడు పడేవాడి ప్రాణాన్ని చేతుల్లో పెట్టుకుని ఎత్తుతాడు. ఎత్తించుకునేవాడు తానూ ఎగిరి సాయం చేస్తాడు. గెలుపు ముందే నిర్ణయించవచ్చు కాని, నేల గట్టిదనాన్ని ఎవరు నిర్ణయించగలరు?

తర్వాత మేనల్లుడి స్నేహితుడు తనకు నచ్చినది పెట్టించాడు. ఇది 1997 మార్చి 23న చికాగో దగ్గర జరిగింది. ఇందులో బ్రెట్‌కు ఎదుటివాడు స్టీవ్ ఆస్టిన్ అనే మొరటు మనిషి. జనం మొదట బ్రెట్ పక్షం. బ్రెట్ అతని కాళ్లు మడతవేసి మీద కూర్చుంటే, ఆస్టిన్ మొహమంతా నెత్తురు కారుతున్నా ఓటమి ఒప్పుకోక, చివరికి స్పృహ తప్పాడు. గెలిచిన బ్రెట్ పడినవాణ్ణి మళ్లీ తన్నబోయాడు. గంటలోపల జనం మనసు మారిపోయింది. గెలిచినవాడు దుష్టుడూ, ఓడినవాడు నాయకుడూ అయినారు!

"చిన్నప్పుడు బ్రెట్ మీద కోపం వచ్చి ఏడ్చానండీ," అన్నాడా స్నేహితుడు. "ఇప్పుడు చూస్తే, తన మంచిపేరు తీసి రెండోవాడి చేతిలో పెట్టాడనిపిస్తుంది. మా ఆఫీసులో అంత పని చేసే పెద్దమనిషి ఒక్కడూ కనబడడు!"

చూసినవన్నీ ఇలా నిలబడ్డాయని కాదు. కార్డులాటలో వీళ్లు పెద్ద పీట వేసిన మహాకాయులు కొందరు ఇప్పుడు చూస్తే నాలుగడుగులు వేసి రొప్పుతున్నారు. అరుపులు ఎక్కువ, పని తక్కువ అనిపించినవి చాలానే వచ్చాయి. వాటిని సగంలోనే తీసేశారు.

అన్నదమ్ములు

చివరకు మా మేనకోడలి వంతు వచ్చింది. ఆమె ఎంచినది 1994 మార్చి 20న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో జరిగిన కుస్తీ. బ్రెట్‌కు ఎదురు నిలిచినవాడు సొంత తమ్ముడు ఓవెన్.

వీళ్ల తండ్రి స్టూ హార్ట్ కూడా వస్తాదే. కాల్గరీలోని ఇంటి నేలమాళిగలో ఎందరికో పట్లు నేర్పాడు. పన్నెండుమంది సంతానం, ఓవెన్ కడగొట్టువాడు. అన్న నీడలో బ్రతకలేనని అలిగిన తమ్ముడి కథ అది. అన్న చెయ్యి చేసుకోనంటాడు, తమ్ముడు ఊరుకోడు. ఇరవై నిమిషాల పోరాటం తర్వాత అన్న మెడమీదికెక్కి పడగొట్టబోతే, తమ్ముడు ఆ పట్టులోనే అన్నను అదిమి గెలిచాడు. ఓవెన్ తనకే నమ్మకం కుదరనట్లు రెండు చేతులూ ఎత్తాడు.

మేనకోడలు బొమ్మను అక్కడ ఆపింది.

"అప్పుడు వీణ్ణి ఎంత తిట్టుకున్నానో అమ్మమ్మా! అన్నయ్యకు ఎదురు తిరిగాడని వాడి కార్డు చింపేశాను."

1999 మే 23న కాన్సస్ సిటీలో ఒక ప్రదర్శనకు ఓవెన్‌ను కప్పునుంచి తీగమీద గోదాలోకి దించాలని ఏర్పాటు చేశారు. కొక్కెం ముందే ఊడిపోయింది. డెబ్బై అడుగులకు పైగా ఎత్తునుంచి పడి చనిపోయాడు. వయస్సు 34. అది కూడా ఆటలో భాగమేనని హాలులో కొందరనుకున్నారు. టెలివిజనులో వ్యాఖ్యానం చెప్పేవాడు, ఇది వినోదంలో భాగం కాదని నోరు తెరిచి చెప్పవలసివచ్చింది. ప్రదర్శన మాత్రం ఆ రాత్రి ఆగలేదు.

ఆ ఏడాది డిసెంబరులో తలకు తగిలిన తన్నువల్ల బ్రెట్ 2000లో కుస్తీలు మానుకోవలసి వచ్చింది. తాను ఎవరినీ ఎన్నడూ పెద్దగా గాయపరచలేదన్నది అతనికి గర్వకారణం. ఆ భాగ్యం అతనికి మాత్రం దక్కలేదు. 2002లో డేవీ బాయ్ 39వ ఏట గుండె ఆగి పోయాడు. మరుసటి ఏడు తండ్రి స్టూ కూడా వెళ్లిపోయాడు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు బయట గాలిపటాలకోసం అరుచుకుంటున్నారు. ఉత్తుత్తివని ఇన్నాళ్లూ మేము నవ్విన కుస్తీలలో అన్న తమ్ముణ్ణి మోసిన బరువు నిజం, వీపుకు తగిలిన చెక్క నిజం. గెలుపొక్కటే అబద్ధం. పోటీలో గెలుపు ఒకరిదే. ఇక్కడ అన్న తమ్ముడికి ఇచ్చిన గెలుపు, తమ్ముడు పోయాక కూడా, బొమ్మ వేసినప్పుడల్లా మళ్లీ మళ్లీ దక్కుతూనే ఉన్నది.

మా అమ్మ కళ్లజోడు తీసి, పమిట చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఏదే, ఆ చిన్నవాడు గెలిచాడే, ఆ ముక్క ఇంకోసారి వెయ్యి," అంది.